మాన్ దీవి: పాత బ్యాంకు నోట్ల వేటకు వెళ్లేవాళ్లకు

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నుంచి మాన్ దీవి (ఐల్ ఆఫ్ మాన్) రాజధాని డగ్లస్‌కు ఓడ ప్రయాణం బాగానే సాగింది, గది కూడా 84 పౌండ్లకు శుభ్రంగానే దొరికింది. మండిందల్లా ఊళ్లో ఒక పాతసామాన్ల కొట్టు దగ్గరే. డంబెల్ బ్యాంకు ఒక పౌండు నోటు చూపించి 65 పౌండ్లు చెప్పారు, పైగా "నూటికి నూరుపాళ్లూ అసలుదే" అని భరోసా. 1900 ఫిబ్రవరి 3, శనివారం తలుపులు మూసేసి దీవినంతా ముంచిన బ్యాంకు అది. ఆ పేరుకే ధర పలుకుతుంది.

భూతద్దం పెడితే గీతలన్నీ రంగు చుక్కలుగా విడిపోయాయి. ఈ కాలపు ఆఫ్‌సెట్ ముద్రణ అన్నమాట. పాత ప్రైవేటు బ్యాంకుల నోట్లు ఎక్కువగా చెక్కిన పలకలతో అచ్చేసినవి. గీత తెగదు, సిరా వేలికి గరుకుగా తగులుతుంది. 19వ శతాబ్దం మొదటి భాగం నోట్ల మీదైతే తేదీ, నంబరు, సంతకం కలంతో నింపేవారు. సంతకం లేకపోతే అది చలామణిలోకి రాని నోటు. నకిలీ అనలేం గానీ, వాడిన నోటు ధర మాత్రం ఇవ్వొద్దు.

ఆ నోటు కొనొద్దన్నందుకు, "ఫ్రేములో పెడితే ఎవరు చూడొచ్చారు?" అని వెంట వచ్చిన బావగారు అలిగి రాత్రి భోజనం దాకా మాట్లాడలేదు.

కాజిల్‌టౌన్‌కు మాత్రం తప్పక వెళ్లండి. 1874 నాటి ఆవిరి రైలు మార్గం ఉంది. చలికాలంలో రైలు నడవదు, బస్సే దిక్కు. అక్కడి బ్రిడ్జ్ హౌస్ జార్జ్ క్వేల్ ఇల్లు. ఆయన భాగస్వాములతో కలిసి 1802లో పెట్టిన బ్యాంకు 1818లో మూతపడింది, కానీ నోట్లకు డబ్బు ఎగ్గొట్టలేదు. అప్పట్లో చిల్లర కరువై వ్యాపారులు షిల్లింగుల (షిల్లింగు అంటే పౌండులో ఇరవయ్యో వంతు) విలువకు అట్టముక్కలే అచ్చేసి ఇచ్చేవారు. 1817లో దీవి చట్టసభ టిన్‌వాల్డ్ నోట్లు వేయడానికి లైసెన్సు తప్పనిసరి చేసి, పౌండు లోపు కాగితాలను ఆపించింది. ఇలాంటి అట్టలు కొంటే విలువ లెక్కలో జాగ్రత్త: 1840 దాకా ఒక ఇంగ్లీషు షిల్లింగుకు 14 మాంక్స్ (అంటే మాన్ దీవి) పెన్నీలు, ఇంగ్లండ్‌లోలా 12 కాదు.

డగ్లస్‌లోని మాంక్స్ మ్యూజియంలో టికెట్ లేదు. కొట్లకు వెళ్లే ముందే అక్కడ అసలు నోట్లు చూసి కంటికి అలవాటు చేసుకోవడం మేలు.

1961 నుంచి దీవిలో నోట్లు వేసేది ప్రభుత్వమే. అక్కడి ఏటీఎంలు ఇచ్చేవి ఎక్కువగా ఆ నోట్లే, ఇంగ్లండ్ దుకాణాల్లో వాటిని తీసుకోరు. మిగిలినవి ఓడెక్కకముందే ఖర్చుపెట్టండి, లేదా మార్చుకోండి.