మొదటి ట్రాక్ డేకి రోజువారీ కారు: ఏది మార్చాలి, ఏది అలాగే ఉంచాలి?

రోజూ రోడ్డు మీద నడిపే కారుతో మొదటిసారి ట్రాక్ డేకి (మామూలు కార్లను రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకు) పేరిచ్చినవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: కారులో ఏం మార్చాలి? ఎగ్జాస్టా, స్ప్రింగులా, కొత్త టైర్లా, ఈసీయూ రీమ్యాపా (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం)? నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి రోజుకు కారు వేగాన్ని పెంచే వస్తువేదీ వద్దు. కారును ఆపే వాటి మీద, ఇప్పటికే ఉన్నవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం మీద, పక్క సీట్లో కూర్చుని నేర్పే ఇన్‌స్ట్రక్టర్ మీద డబ్బు పెట్టండి. ఈ మాట ఎందుకంటున్నానో ఒక్కో జతగా చూద్దాం. బ్రేకుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఆగాల్సిందే.

బ్రేక్ ఆయిలా, బ్రేక్ ప్యాడ్లా?

రోడ్డు మీద ఒకసారి గట్టిగా బ్రేకు వేస్తే మళ్లీ అంత గట్టిగా వేసే అవసరం చాలాసేపటికి గానీ రాదు. ఆలోగా డిస్కులు చల్లబడతాయి. ట్రాక్ మీద ఆ వెసులుబాటు లేదు. పదిహేను ఇరవై నిమిషాల సెషన్ మొత్తం, ప్రతి పెద్ద మలుపు ముందూ బ్రేకు పడుతూనే ఉంటుంది. పైగా కారులోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1200 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల నుంచి పూర్తిగా ఆగితే పుట్టే వేడి సుమారు 3 లక్షల జౌళ్లు. అదే కారు 160 నుంచి 80కి తగ్గితే దాదాపు 9 లక్షలు. రెండుసార్లూ తగ్గింది 80 కిలోమీటర్లే, వేడి మాత్రం మూడింతలు. "హైవే మీద నా బ్రేకులు బ్రహ్మాండంగా పట్టుకుంటాయి" అన్న ధైర్యం ట్రాక్ మీద పనికిరాకపోవడానికి కారణం ఈ లెక్కే.

ఆ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి దాన్ని డిస్కుకు నొక్కే కాలిపర్ పిస్టన్‌కు, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది. మామూలు కార్లలో వాడే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 (సీసా మీద రాసి ఉండే ఆయిల్ రకం) ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కైతే 205, 140. డాట్ 5.1కి 260, 180. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అప్పుడు మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, పెడల్ నేలకు తాకుతుంది.

ప్యాడ్లు వేడెక్కి చేతులెత్తేసే తీరు వేరు. పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం అనుకున్నంత తగ్గదు. ముందుగా కాలిన వాసన వస్తుంది, ల్యాపు ల్యాపుకూ ఆగే దూరం కొంచెం కొంచెం పెరుగుతుంది. అంటే మీకు సంకేతం అందుతుంది, నెమ్మదించి పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చేయొచ్చు. ఆయిల్ చాలాసార్లు అంత వ్యవధి ఇవ్వదు. ఒక మలుపు దగ్గర బాగానే ఉన్న పెడల్ తర్వాతి మలుపు దగ్గర మెత్తబడిపోవచ్చు.

అందుకే రెండింట్లో ఒకటే చేయించగలిగితే ఆయిల్ మార్పించండి. ఉన్నదాని మీద కొంచెం పోయించడం కాదు, నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ చేయించి పాతదంతా తీయించాలి. తేలికపాటి హ్యాచ్‌బ్యాక్‌కు కొత్త డాట్ 4 గానీ డాట్ 5.1 గానీ చాలు. బరువైన, పవర్ ఎక్కువున్న కారుకు రేసింగ్ రకం డాట్ 4 మేలు. వాటిలో చాలావాటి మరిగే హద్దు, సీసా కొత్తగా తెరిచినప్పుడు, 300 డిగ్రీలు దాటి ఉంటుంది. వాటిని మామూలు ఆయిల్ కన్నా తరచుగా మార్చాలన్న సంగతి మాత్రం మరవకండి. ఒక్క జాగ్రత్త: డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఆయిల్. డాట్ 4, డాట్ 5.1 రెండూ ఒక జాతివి, ఇది వాటితో కలవదు. 5.1 అడిగితే 5 ఇచ్చేస్తే పని పాడవుతుంది, సీసా మీది అంకె మీరే చదవండి.

ఇక ప్యాడ్లు. పూర్తి ట్రాక్ ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. ఉదయం చల్లటి బ్రేకులతో సిగ్నల్ దగ్గర ఆగాలంటే మామూలు ప్యాడ్ల కన్నా ఎక్కువ దూరం తీసుకోవచ్చు, కీచుమంటాయి, డిస్కుల్ని త్వరగా అరగదీస్తాయి. అదే కారులో ట్రాక్‌కు వచ్చి అదే కారులో వెళ్లేవాళ్లకు అవి సరిపడవు. చిన్న కారైతే కంపెనీ ప్యాడ్లే ఉంచండి, కాకపోతే మందం కనీసం సగమైనా ఉండాలి. పలచబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా ఆయిల్‌కు చేరవేస్తుంది. పెద్ద సెడాన్, టర్బో కారు, ఎస్‌యూవీ అయితే రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్యస్థంగా ఉండే పెర్ఫార్మెన్స్ ప్యాడ్లు పెట్టించడం మంచిది. పెట్టించిన రోజే ట్రాక్‌కు రాకండి. తయారీదారు చెప్పిన పద్ధతిలో వాటిని డిస్కులకు అలవాటు చేయాలి.

ఉన్న టైర్లా, గ్రిప్పు ఎక్కువున్న కొత్త టైర్లా?

సెమీ స్లిక్ టైర్లు (గాడులు తక్కువుండి ట్రాక్ కోసం చేసినవి) వేస్తే కారు మలుపుల్లో అతుక్కుపోతుంది, నిజమే. మొదటి రోజుకు నాకు అవి నచ్చకపోవడానికి కారణం కూడా అదే. మామూలు టైరు తన హద్దు చేరేముందు కీచుమని అరుస్తుంది, స్టీరింగ్ తేలికపడుతుంది, ఆ తర్వాత మెల్లగా జారుతుంది. ఇదంతా తక్కువ వేగంలోనే జరుగుతుంది కాబట్టి సర్దుకోవడానికి సమయం ఉంటుంది. గ్రిప్పు ఎక్కువున్న టైరు చాలాసేపు మౌనంగా మోసి, ఎక్కువ వేగం దగ్గర వదిలేస్తుంది. అంతవరకు మీరు చేసిన తప్పుల్ని అది కప్పిపెడుతుంది కూడా. మలుపులోకి ఆలస్యంగా, మొరటుగా తిప్పినా కారు వెళ్లిపోతుంది, మీరు సరిగ్గా చేశామనే అనుకుంటారు. దానికి తోడు ఎక్కువ గ్రిప్పు అంటే బ్రేకుల మీద, వీల్ బేరింగుల మీద ఎక్కువ భారం. పొడవాటి మలుపుల్లో ఇంజిన్ ఆయిల్ ఒక పక్కకు ఒరిగే ఒత్తిడీ పెరుగుతుంది. ఒకటి మార్చి నాలుగు మార్చాల్సి వస్తుంది.

కాబట్టి ఉన్న టైర్లతోనే రండి, అవి ఆరోగ్యంగా ఉంటేనే. పక్కగోడ మీద ‘DOT’ అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైనది. ఐదారేళ్లు దాటి గట్టిపడిన టైరు, పక్కగోడ ఉబ్బిన టైరు, పగుళ్లు పడినది, పక్కగోడకు పంక్చర్ వేసినది ట్రాక్‌కు పనికిరావు. అలాంటివి ఉంటే మంచి రోడ్డు టైర్లు కొనండి, సెమీ స్లిక్‌ల డబ్బు మిగులుతుంది.

గాలి విషయంలో ముందే తగ్గించుకుని రావాలా, వచ్చాక చూసుకోవాలా అని అడుగుతారు. వచ్చాక చూసుకోవడమే మేలు. టైరు వేడి 10 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒకటిన్నర పిఎస్ఐ పెరుగుతుంది, ఒక్క సెషన్‌లోనే నాలుగు నుంచి ఎనిమిది దాకా పెరగడం మామూలే. చల్లగా ఉన్నప్పుడు తయారీదారు చెప్పినంత పెట్టి బయలుదేరండి. టైరు అంచు నుంచి పక్కగోడ మీదికి చాక్‌పీస్‌తో గీత గీయండి. సెషన్ అయ్యాక గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంత ఒరిగిపోతోందో తెలుస్తుంది. పక్కగోడ మీది గీత కూడా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు. గాలి కొలిచే సొంత గేజ్ తెచ్చుకోవడం మాత్రం తప్పనిసరి.

కంపెనీ సీటు బెల్టా, నాలుగు పట్టీల హార్నెస్సా?

ఫొటోల్లో హార్నెస్ (రేసు కార్ల పట్టీల బెల్టు) బాగుంటుంది. కానీ కారులో సీటు, మూడు చోట్ల బిగిసే బెల్టు, ఎయిర్‌బ్యాగ్ అన్నీ కలిసి పనిచేసేలా రూపొందించినవి. నాలుగు పట్టీల హార్నెస్‌కు కాళ్ల మధ్య పట్టీ ఉండదు. ఢీకొన్నప్పుడు భుజాల పట్టీలు నడుము పట్టీని పొట్ట మీదికి లాగేస్తే మనిషి దాని కిందికి జారిపోవచ్చు. కారు పల్టీ కొడితే మామూలు బెల్టుతో ఒళ్లు పక్కకు ఒరగగలదు. హార్నెస్ మనిషిని నిటారుగా పట్టి ఉంచుతుంది, పైన రోల్ కేజ్ (కప్పు కుంగకుండా ఆపే లోహపు చట్రం) లేకపోతే కుంగే కప్పు తల మీదికే వస్తుంది. ఇది కొంచెం కొంచెంగా చేసే మార్పు కాదు: సరైన సీటు, రోల్ బార్ లేదా కేజ్, ఆరు పట్టీల హార్నెస్, తలను ఆపే పరికరం అన్నీ కలిపైనా పెట్టాలి, లేదా కంపెనీ బెల్టునైనా ఉంచాలి. మొదటి రోజుకు రెండోదే. సీటును వెనక్కి జరిపి, బెల్టును గట్టిగా గుంజి లాక్ అయ్యాక సీటును ముందుకు తెస్తే చాలా కార్లలో ఒళ్లు కదలకుండా బిగుతుగా ఉంటుంది.

హెల్మెట్ కొనే ముందు నిర్వాహకులు ఏ ప్రమాణం ఒప్పుకుంటారో అడగండి. హెల్మెట్లకు ప్రమాణాలు పెట్టే స్నెల్ సంస్థ వాళ్ల ఎస్‌ఏ రకం కారు రేసింగ్‌ది, లోపలి లైనింగ్ మంటకు తట్టుకోవాలి. ఎం రకం మోటార్‌సైకిళ్లది, అందులో ఆ షరతు లేదు. అద్దెకు దొరికితే మొదటి రోజుకు అద్దెదే చాలు.

ఇంజిన్ వైపు చెప్పడానికి పెద్దగా లేదు. కొత్త ఇంజిన్ ఆయిల్, డిప్‌స్టిక్ మీద పై గీత వరకు. కూలెంట్ కారకూడదు. వీల్ నట్లను తయారీదారు చెప్పిన బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించండి, మొదటి సెషన్ అయ్యి చక్రాలు చల్లబడ్డాక మళ్లీ చూడండి. డిక్కీలోని స్టెప్నీ, జాకీ, కాళ్ల కింద జారే మ్యాట్లు, సీసాలు అన్నీ బయట పెట్టేయండి. రీమ్యాప్, ఇంటేక్ (ఇంజిన్‌కు గాలి వెళ్లే దారి) గురించి ఇప్పుడు ఆలోచించకండి.

సొంత కారా, అద్దె ట్రాక్ కారా?

దీనికి జవాబు మీ కారు కన్నా మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. చాలా ఇన్సూరెన్స్ పాలసీలు ట్రాక్ మీద జరిగిన నష్టాన్ని కట్టవు. మీ పాలసీ కాగితం చదవండి. ఆ కారు పోతే ఇల్లు తలకిందులయ్యే స్థితి ఉంటే, లోన్ ఇంకా నడుస్తుంటే, అద్దె కారు తీసుకోండి, డ్యామేజీ అయితే మీ మీద ఎంత పడుతుందో ముందే రాతలో తీసుకోండి. లేకపోతే నేను సొంత కారే అంటాను. బరువు ఎటు మారితే కారు ఎలా స్పందిస్తుందో ట్రాక్ మీద తెలుసుకున్నది రేపు వానలో, హైవే మీద అదే కారులో మీకు ఉపయోగపడుతుంది.

సొంత కారు అయితే ఈఎస్‌సీ (కారు జారకుండా సర్దే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఆపకండి. దాని లైటు వెలిగిన ప్రతిసారీ మీరు స్టీరింగ్‌నో, పెడల్‌నో మొరటుగా వాడారని అర్థం. ఏ మలుపు దగ్గర వెలిగిందో ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పండి. ఆ ఒక్క మలుపు సరిచేసుకుంటే మీరు వెళ్లే వేగం ఏ ఎగ్జాస్టూ ఇవ్వలేనంత పెరుగుతుంది.

ప్రతి సెషన్ చివర ఒక ల్యాపు నెమ్మదిగా, బ్రేకులు వీలైనంత తక్కువగా వాడుతూ తిరగండి. ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగకండి, వేడి ప్యాడ్లు డిస్కుకు అంటుకుపోవచ్చు. గేర్‌లో ఉంచి చక్రం కింద ఏదైనా అడ్డం పెట్టండి. రోజు మధ్యలో వేడి టైర్ల నుంచి గాలి తీసి ఉంటే, ఇంటికి బయలుదేరేముందు, టైర్లు చల్లారాక, మళ్లీ నింపుకోండి. తీసిన గాలితోనే హైవే ఎక్కితే టైర్లలో గాలి చాలా తక్కువగా ఉంటుంది. ప్యాడ్ల మందం, నట్ల బిగింపు కూడా అప్పుడే ఒకసారి చూసేయండి.