హ్యామక్‌లో కప్పుకునే డౌన్ టాప్ క్విల్ట్: మన కొండల చలికి ఏది మేలు?

కార్తీకం దగ్గర పడితే చాలు, తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు నుంచి చెట్ల మధ్య హ్యామక్ (గుడ్డ ఊయల) కట్టుకుని పడుకునే మిత్రులు ఒకే మాట అడుగుతుంటారు: తేలికైన డౌన్ టాప్ క్విల్ట్ (పక్షుల మెత్తటి నూగు ఈకలు, అంటే డౌన్, నింపి పైన కప్పుకునే దుప్పటి) తీసుకోవాలి, ఏది మేలు? అడిగేవారిలో చాలామంది అప్పటికే రెండు మూడు మోడళ్లు ఎంచుకుని, వాటి బరువులను గ్రాములతో సహా రాసి పెట్టుకుని, ఫిల్ పవర్ 800 చాలునా, 950 ఉండాలా అన్నచోట ఆగిపోయి ఉంటారు. ఈమధ్యే నేను కూడా పాత క్విల్ట్ పక్కన పెట్టి కొత్తది తీసుకున్నాను కనుక, ఆ ఎంపికలో దేనికి ఎంత విలువ ఇవ్వాలని నాకు తోచిందో వివరంగా రాస్తున్నాను. వీపు కింద అండర్‌క్విల్ట్ (హ్యామక్ అడుగున వేలాడదీసే క్విల్ట్) గానీ ప్యాడ్ (లోపల పరుచుకునే పరుపు) గానీ ఉందనే అనుకుంటున్నాను. అది లేనివారు ఆ డబ్బును ముందు దాని మీద పెట్టడం మంచిది, ఎందుకంటే హ్యామక్ కింద గాలి ఆడుతుంటే 18 డిగ్రీల రాత్రి కూడా వీపు చల్లబడుతుంది, పైన ఎంత మంచి క్విల్ట్ కప్పుకున్నా ఆ చలి ఆగదు.

అందరినీ ఆపేస్తున్న ఫిల్ పవర్ సంగతి మొదట తేల్చుకుందాం. నిర్ణీత పరీక్షలో ఒక ఔన్సు డౌన్ ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతుందో ఆ అంకే ఫిల్ పవర్. అంకె పెరిగేకొద్దీ అంతే మందానికి తక్కువ డౌన్ సరిపోతుంది, ఇందులో సందేహం లేదు. అయితే ఆ ఆదా ఎంత అన్నది క్విల్ట్‌లో మొత్తం ఎంత డౌన్ నింపారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక క్విల్ట్‌లో 950 ఫిల్ డౌన్ 200 గ్రాములు ఉందనుకోండి. 800 ఫిల్‌తో అదే మందం రావాలంటే సుమారు 238 గ్రాములు కావాలి. తేడా 38 గ్రాములు, అంటే ఒక నిమ్మకాయ బరువు. గడ్డకట్టే చలికి చేసిన బరువైన క్విల్ట్‌లో ఈ తేడా పెరుగుతుంది కాబట్టి అక్కడ లెక్క వేరు. మన వాతావరణానికి సరిపోయే పలుచని క్విల్ట్‌లో మాత్రం దానికోసం ధర అంతగా పెంచుకోవడం నాకు సమంజసంగా తోచదు. బాతు డౌనా, హంసజాతి పక్షి డౌనా అన్న ప్రశ్నకూ ఇదే సమాధానం: శుభ్రంగా కడిగి తయారు చేసిన 800 ఫిల్ బాతు డౌన్ మన అవసరానికి ఏమాత్రం తక్కువ కాదు.

అంతకంటే ముఖ్యమైనది ఎంత చలికి చేసిన క్విల్ట్ అన్నది. అమెరికాలోని చిన్న తయారీదారులు టాప్ క్విల్ట్‌లను ఎక్కువగా ఫారన్‌హీట్ లెక్కలో 20, 30, 40, 50 డిగ్రీలకు చేస్తారు. అవి మన లెక్కలో సుమారు మైనస్ 7, మైనస్ 1, 4, 10 డిగ్రీలు. నాలుగు వేల అడుగులకు పైన ఉన్న హార్సిలీ హిల్స్‌లో పుష్యమాసపు రాత్రులు పది పన్నెండు డిగ్రీల దాకా దిగుతాయి. తలకోన వైపు అంతకంటే వెచ్చగానే ఉంటుంది, తిరుపతి ఊళ్లోనైతే చలికాలంలోనూ మామూలు దుప్పటి చాలు. స్లీపింగ్ బ్యాగుల్లా క్విల్ట్‌లను ఒకే ప్రమాణం ప్రకారం పరీక్షించి అంకె వేసే పద్ధతి అంతగా లేదు. తయారీదారు వేసిన అంకె చాలాసార్లు వణకకుండా రాత్రి గడిచే హద్దునే చెబుతుంది తప్ప హాయిగా నిద్రపట్టే చలిని కాదు. కాబట్టి మనం వెళ్లే చోటి చలికి ఐదారు డిగ్రీలు తగ్గించి ఎంచుకోవాలి. ఆ లెక్కన మన కొండలకు 4 డిగ్రీల క్విల్ట్ సరిగ్గా కుదురుతుంది. దాని బరువు 400 గ్రాములకు కాస్త అటూ ఇటూ, మైనస్ 7 డిగ్రీలదైతే 600 గ్రాముల చుట్టూ ఉంటుంది.

ఎలాగూ అంత డబ్బు పెడుతున్నాం కదా, మైనస్ 7 డిగ్రీలదే తీసుకుంటే ఎప్పుడైనా హిమాలయాలకు వెళ్లినా పనికొస్తుందని చాలామంది అంటారు. ఈ ఆలోచన దగ్గరే నేను గట్టిగా విభేదిస్తాను. 200 గ్రాములు ఎక్కువ మోయాల్సి వస్తుందని కాదు, తేమ వల్ల.

మనిషి శరీరం నుంచి రాత్రంతా నీటి ఆవిరి వెలువడుతూనే ఉంటుంది. అది డౌన్ గుండా పైబట్ట దాటి బయటి గాలిలో కలిసిపోవాలి. బయటి గాలి పొడిగా ఉంటే ఆ పని సాఫీగా సాగుతుంది. కానీ మనకు చలి మొదలయ్యేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు ఆ కాలపువే. అప్పుడు గాలే తడిగా ఉంటుంది, కొండ మీద మంచు దిగుతుంది, ఆవిరి బయటికి పోలేక చల్లటి పైబట్ట దగ్గరే డౌన్‌లో నిలిచిపోతుంది. దాని మీద అవసరానికి మించిన వెచ్చదనం కూడా తోడైతే నిద్రలో మనకు తెలియకుండానే చెమట పట్టి, తెల్లవారుజామున అసలు చలి వేళకు క్విల్ట్ సగం పల్చబడి ఉంటుంది. మైనస్ 7 డిగ్రీల క్విల్ట్ కప్పుకున్న మనిషికి మన కొండ మీద నాలుగు గంటలకు చలి వేయడానికి కారణం ఇదే. వింతగా అనిపించినా నిజం.

దీన్ని కళ్లారా చూడవచ్చు. పొద్దున లేచాక క్విల్ట్‌ను రెండు చేతులతో ఎండకు ఎత్తి పట్టి కుట్లకూ కుట్లకూ మధ్య ఉన్న గదులను గమనించండి. ఆరోగ్యంగా ఉన్న గదిలో డౌన్ అంచు నుంచి అంచు దాకా సమంగా పరుచుకుని ఉంటుంది. తేమ పట్టిన గదిలో చిన్న చిన్న ఉండలు కట్టి ఒక మూలకు జారి ఉంటుంది, మిగిలిన చోట ఎదుటి చెట్టు కొమ్మలు బట్టలోంచి కనబడతాయి. ఆ ఉండను వేళ్ల మధ్య నలిపితే నెమ్మదిగా విడిపోతుంది గానీ, ఆరేదాకా మళ్లీ పొంగదు. ఇలాంటి గదులు అన్నిటికంటే ముందు కనబడేది పాదాల దగ్గర, ఆ తర్వాత మన ఊపిరి తగిలే మెడ అంచు దగ్గర. అందుకే క్విల్ట్ కింద తల దూర్చి పడుకోకుండా ఒక ఉన్ని టోపీ పెట్టుకోవడం మేలు.

ఇక ఫుట్‌బాక్స్, అంటే క్విల్ట్‌లో పాదాలు దూర్చుకునే చివరి భాగం విషయం. నా మటుకు నాకు తుది నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. పాదాల దగ్గర శాశ్వతంగా కుట్టేసిన రకం ఒకటి, జిప్పుతో, తాడుతో బిగించుకుని, అక్కర్లేనప్పుడు పూర్తిగా విప్పి దుప్పటిలా పరుచుకునే రకం ఇంకొకటి. మిన్నెసోటా రాష్ట్రం వినోనాలోని ఎన్‌లైటెండ్ ఎక్విప్‌మెంట్ వారి ఎనిగ్మా మొదటి రకం, రెవెలేషన్ రెండో రకం. కుట్టేసిన దానిలో జిప్పు ఉండదు కనుక బరువు కొంచెం తక్కువ, తాడు బిగించిన చోట చిన్న రంధ్రం మిగిలే ఇబ్బందీ ఉండదు. గడ్డకట్టే చలిలో తిరిగేవారు దాన్ని మెచ్చుకోవడంలో న్యాయం ఉంది. మన రాత్రులు అలా ఉండవు. ఎనిమిది గంటలకు పడుకునేటప్పుడు 18 డిగ్రీలు, తెల్లవారేసరికి 11. విప్పుకునే రకమైతే మొదటి జాములో కాళ్లు బయట పెట్టి, సగం కప్పుకుని పడుకుని, అర్ధరాత్రి దాటాక హ్యామక్‌లోంచి దిగకుండానే కాళ్ల మధ్య జిప్పు లాగి తాడు బిగించుకోవచ్చు. చెమట పట్టదు, డౌన్ తడవదు, తెల్లవారుజామున దాని పూర్తి శక్తి మనకు మిగిలి ఉంటుంది. జిప్పు వల్ల పెరిగే ఆ కొన్ని గ్రాములు నేను సంతోషంగా మోస్తాను. రంధ్రం గురించి బెంగపడేవారు అందులో ఒక ఉన్ని మేజోడు కుక్కితే సరిపోతుంది.

తేమే ఇంత ముఖ్యమైతే డౌన్ ఎందుకు, సింథటిక్ తీసుకోవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. క్లైమాషీల్డ్ ఎపెక్స్ అనే పొర వేసిన క్విల్ట్‌లు తడిసినా చాలావరకు వెచ్చదనం నిలుపుకుంటాయి, ఉండలు కట్టవు, ధర కూడా తక్కువే. చదరపు మీటరుకు సుమారు 120 గ్రాముల పొర ఉన్నది 4 డిగ్రీలకు సరిపోతుందని లెక్క, అలాంటి క్విల్ట్ మొత్తం 500 గ్రాముల లోపే దొరుకుతుంది. అంటే మన చలికి డౌన్‌కూ దీనికీ తేడా వంద గ్రాములకు మించకపోవచ్చు. పెద్ద చలికి వెళ్లేకొద్దీ ఈ తేడా విపరీతంగా పెరుగుతుంది, మన దగ్గర మాత్రం పోటీ హోరాహోరీగానే ఉంటుంది. అక్టోబరు, నవంబరు వానల్లోనే ఎక్కువగా బయలుదేరేవారికి నేను సింథటిక్‌నే సూచిస్తాను. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లేవారికి మాత్రం డౌన్. సంచిలో అది సగం చోటే తీసుకుంటుంది, ఒంటికి మెత్తగా అతుక్కుంటుంది. మళ్లీ మళ్లీ నొక్కి మడవడం వల్ల సింథటిక్ పొర కొన్నేళ్లకే పల్చబడుతుంది, శ్రద్ధగా చూసుకున్న డౌన్ పదేళ్లు దాటినా పొంగుతూనే ఉంటుంది.

950 ఫిల్‌కు పోసే డబ్బును నేనైతే అదనపు డౌన్‌కు వాడతాను. ఆర్డరు ఇచ్చేటప్పుడే గదుల్లో కొంత ఎక్కువ డౌన్ నింపమని కోరే వీలు చాలామంది తయారీదారులు ఇస్తారు. అలా నింపితే తేమ పట్టినప్పుడు ఖాళీలు తొందరగా ఏర్పడవు. నీరు పట్టని పూత పూసిన డౌన్ కొంత సాయపడుతుంది గానీ, దాన్ని నమ్ముకుని నిర్లక్ష్యం చేయకూడదు.

మిగిలినవాటికి పెద్ద చర్చ అక్కర్లేదు. స్లీపింగ్ బ్యాగును జిప్పు విప్పి కప్పుకోవడం చేతిలో ఉన్నదానితో కాలం గడపడానికి బాగుంటుంది, కొత్తగా కొనేటప్పుడు కాదు. ఉన్ని రగ్గు వెచ్చగానే ఉంటుంది, మోయడమే కష్టం.

కొలతల విషయంలో నేల మీద పడుకునేవారి సలహాలు పట్టించుకోకండి. హ్యామక్ అంచులే క్విల్ట్‌ను పక్కల నుంచి మనకు అదిమి పెడతాయి కనుక 50 అంగుళాల వెడల్పు చాలు, క్విల్ట్‌ను ప్యాడ్‌కు బిగించే పట్టీలూ అక్కర్లేదు. ఐదడుగుల ఆరంగుళాల లోపు ఉన్నవారు పొట్టి సైజు తీసుకుంటే మరికొన్ని గ్రాములు కలిసివస్తాయి. లోపలి బట్ట నలుపు గానీ ముదురు రంగు గానీ ఎంచుకోండి. పొద్దున ఆ వైపు పైకి తిప్పి హ్యామక్ తాడు మీద ఎండలో ఆరేస్తే కాఫీ కాచుకుని, సామాను సర్దుకునేలోపు రాత్రి తేమ పోతుంది. ఇంటికి వచ్చాక మిద్దె మీద నీడలో ఒక పూట ఉంచి, చిన్న సంచిలో కుక్కకుండా పెద్ద నూలు సంచిలో వదులుగా వేసి బీరువా పైన పెట్టండి.