పింక్ ఫ్లాయిడ్ లైవ్: కీబోర్డు వైపు నుంచి విన్నవాడి మాట

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ లైవ్ రికార్డింగుల్లో ఒక్కటే కొనాలంటే 'పల్స్' కొనండి. ఒక్క రాత్రే తీరిక ఉంటే మాత్రం 'పాంపే' చూడండి. కోనసీమలో తీర్థాలకీ దసరా పందిళ్లకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ప్రోగ్రాం అయ్యాక తిరుగు ప్రయాణంలో, వ్యాన్‌లో, ఏళ్ల తరబడి ఇవే వింటున్నాను. గిల్మోర్ గిటారు గురించి చెప్పేవాళ్లు లోకంలో బోలెడుమంది. నా చెవి మాత్రం బ్యాండ్‌లో కీబోర్డు వాయించిన రిక్ రైట్ వైపే పోతుంది.

లైవ్‌లో సౌండు ఎలా ఉండాలన్నది వీళ్లు మొదట్నుంచీ పట్టించుకున్నారు. 1967 మేలో లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్లో ఒక చిన్న పెట్టె మీద జాయ్‌స్టిక్ తిప్పుతూ, శబ్దం హాలు చుట్టూ తిరిగేలా చేశాడు రైట్. దాన్ని అజిమత్ కోఆర్డినేటర్ అనేవారు. మా దగ్గర ఇప్పటికీ స్టేజీకి చెరోపక్క బాక్సులు పేర్చి, రెండింట్లోంచీ ఒకటే మోనో వదులుతారు. అడిగితే, జనానికి వినపడితే చాలు కదండీ అంటారు.

పాంపే సంగతికొస్తే, 1971 అక్టోబరులో ఇటలీలోని ఆ పాత రోమన్ ప్రదర్శనశాలలో, జనం లేకుండా, సినిమా కోసం వాయించారు. కరెంటు సరిపోక ఊళ్లోంచి కేబుల్ లాక్కోవాల్సి వచ్చింది. పంటకాలవ అవతలి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వైరు లాగించుకునే మాకు ఆ టెన్షన్ బాగా తెలుసు. సినిమా మొదట్లో సగం, చివర్లో సగంగా 'ఎకోస్' పాట ఉంటుంది. అసలు స్టూడియో రికార్డింగు 23 నిమిషాలు పైనే. మొదట ఒక్క స్వరం. పియానోని లెస్లీలోంచి, అంటే చెక్కపెట్టెలో హారన్ గిరగిరా తిరిగే స్పీకర్లోంచి పంపి తీసిన శబ్దం అది. మోగుతుంది, ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. తొందర లేదు. మా స్టేజి మీద అంత ఖాళీ వస్తే కమిటీవాళ్లు కింద నుంచి "ఆయ్, ఏంటండీ ఆపేశారు?" అని కేకేస్తారు. తర్వాత గిల్మోర్, రైట్ కలిసి పాడతారు. ఎవరి గొంతు ఏదో విడదీయడానికి చాలాసార్లు ప్రయత్నించాను. కొన్నిచోట్ల ఇప్పటికీ అనుమానమే. 2025లో స్టీవెన్ విల్సన్ చేసిన కొత్త మిక్స్‌లో ఆర్గాన్ బాగా విడిగా వినిపిస్తుంది. పాతది ఉన్నవాళ్లు కూడా ఇది తీసుకోవచ్చు.

'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' 1973 మార్చిలో వచ్చింది కానీ, దాన్ని 1972 జనవరి నుంచే జనం ముందు వాయించేశారు. బ్రైటన్‌లో మొదటిరోజే టేపుల దగ్గర తేడా వచ్చి మధ్యలో ఆపేశారు. హిట్టయిన పాటనే వాయించే మాలాంటివాళ్లకి, ఇంకా పుట్టని పాటల్ని ఏడాదిపైగా జనం మీద సానబట్టడం వింతే. ఆ మొత్తం ఆల్బమ్ పల్స్‌లో ఉంది. 1994లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ కచేరీల వీడియో చూస్తే, 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో మాటల్లేని ఆ ఆలాపనని ముగ్గురు ఆడవాళ్లు పంచుకుంటారు. అందులో ఒకామె పేరు దుర్గా మెక్‌బ్రూమ్. పేరు విని మా వ్యాన్‌లో అందరూ మనమ్మాయే అనుకున్నారు, అమెరికా ఆవిడ. గొంతులు ఎంత పైకెళ్లినా కింద రైట్ పియానో కంగారుపడదు, నేనైతే ఈపాటికి నాలుగు వేళ్లు ఎక్కువ వాడేసేవాణ్ణి. పల్స్‌లో నాకు నచ్చనిది ఒకటే: రెండో కీబోర్డు జాన్ కారిన్ కూడా ఉండటంతో ఏ చెయ్యి ఎవరిదో తెలియదు.

'ద వాల్' కచేరీల (1980–81) రికార్డింగు నాకు అంతగా ఎక్కలేదు. స్టేజికి అడ్డంగా గోడ కట్టాలి కాబట్టి అంతా గడియారం ప్రకారమే నడుస్తుంది, అటూ ఇటూ జరగడానికి చోటుండదు. ఆ ఆల్బమ్ తయారీలోనే రైట్‌ని బ్యాండ్ నుంచి తీసేశారు. అయినా కచేరీలకి జీతానికి వచ్చి వాయించాడు. ఆ షోలకి విపరీతంగా ఖర్చయి మిగతా ముగ్గురూ నష్టపోతే, డబ్బు మిగిలింది జీతగాడికే. రాత్రికింతని మాట్లాడుకుని వాయించే నాకు ఈ కథ ఎన్నిసార్లు విన్నా ఆనందమే. 'డెలికేట్ సౌండ్ ఆఫ్ థండర్' (1988) డ్రమ్స్ మోతకి రెండు పాటల తర్వాత తల పట్టేస్తుంది. వదిలేయండి.

గిల్మోర్ పేరు మీద వచ్చినా, 2006లో పోలండ్‌లో ఓడలు కట్టే యార్డులో తీసిన 'లైవ్ ఇన్ గ్డాన్స్క్'ని ఈ లెక్కలోనే వేస్తాను. ఎందుకంటే రైట్ ఉన్నాడు, ఎకోస్ ఉంది. 2008 సెప్టెంబరులో రైట్ పోయాడు, అదే నెలలో ఈ రికార్డింగు బయటికొచ్చింది. ఆయన లేకుండా ఎకోస్ వాయించనని గిల్మోర్ చెప్పేశాడు. 2016లో మళ్లీ పాంపే వెళ్లినప్పుడు, ఈసారి జనం ముందు, ఆ పాట ముట్టుకోలేదు. ఆ 2016 పాంపే కచేరీ డిస్కులో కీబోర్డులు చక్ లావెల్, గ్రెగ్ ఫిలింగేన్స్. ఇద్దరూ ఘనులే, సౌండు కూడా శుభ్రంగా ఉంటుంది. గిటారు కోసం వినేవాళ్లు కొనుక్కోవచ్చు, నాకైతే ఒకసారి సరిపోయింది.