మాజీ కార్పొరేటరు రాతప్రతి, గాంధీనగర్ డీటీపీ కేంద్రం పనితనం

సైన్యంలో వాహనాల మెకానిక్‌గా పనిచేసి, 1971 యుద్ధకాలంలో తూర్పు రంగంలో ఉండి, తిరిగివచ్చాక విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేస్తూనే కార్పొరేటరుగా ఎన్నికైన మా మేనమామ తన జీవితాన్ని నోటుపుస్తకాలలో స్వయంగా రాసిపెట్టుకున్నారు. వాటిని పుస్తకంగా తెచ్చే పనిని గాంధీనగర్‌లోని ఒక డీటీపీ కేంద్రానికి అప్పగించాము. బంధువులకూ పాత వార్డువారికీ పంచడానికి కొద్ది ప్రతులు చాలు కనుక, ప్లేట్ల ఖర్చు పడే ఆఫ్‌సెట్ కంటె డిజిటల్ ముద్రణే మేలని వారే ముందుగా చెప్పారు.

అసలు పరీక్ష టైపింగు దగ్గర ఎదురైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మామయ్య ఉంటున్న సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు ఆ పుస్తకాలు తడిసి, సిరా చాలాచోట్ల అలుక్కుపోయింది. పైగా అందులో సగం వార్డు పనుల చిట్టాయే: కొండవాలు ఇళ్లకు మెట్లు, వీధి కుళాయికి నీళ్లు వదిలే వేళలు, మురుగుకాల్వలో పూడిక, ఎవరు ఏ తేదీన అర్జీ ఇచ్చారు, దానికి ఏ ఇంజినీరు ఏమని బదులిచ్చాడు. 1981లో పురపాలక సంఘం నగరపాలక సంస్థగా మారిన తరువాతి విజయవాడను తెలుసుకోదలచినవారికి, నా దృష్టిలో, యుద్ధం అధ్యాయం కంటె ఈ చిట్టాయే విలువైనది. టైపు చేసినావిడ చదవలేని చోట ఊహించి నింపలేదు. ఖాళీ వదిలి, ప్రూఫులో పెన్సిలుతో గుర్తు పెట్టారు. మామయ్య వర్క్‌షాపు మాటలను గ్రాంథికంలోకి దిద్దే ప్రయత్నమూ చేయలేదు. ఈ నిగ్రహం పేరున్న ప్రెస్సులలోనూ అరుదు.

అచ్చుతప్పులు మాత్రం ఉన్నాయి. మొదటి ప్రూఫులో, తూర్పు రంగంలో పనిచేసినందుకు ఆయనకు వచ్చిన పూర్వీ స్టార్ పతకం ‘పూర్తి స్టార్’ అయింది. ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయిన డిసెంబరు 16 కాస్తా 6గా పడింది. రెండో ప్రూఫు అడిగి తీరాలి.

ముఖచిత్రానికి వారు చూపినవన్నీ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల తరహా నమూనాలు, వాటిపై జెండా, తుపాకీ, ట్యాంకు. తాను సైన్యంలో ఎక్కువగా పట్టుకున్నది స్పానరేనని మామయ్య ససేమిరా అనడంతో, చివరకు సాదా అట్టపై పేరు మాత్రమే వేయించాము. అందుకు వారు విసుక్కోలేదు.

ఫొటోల విషయంలో పని నాసిరకం. పుస్తకాలకు వాడే పూతలేని మాప్లిథో కాగితం మీదనే అచ్చువేయడంతో పాత నలుపు తెలుపు ఫొటోలలో ముఖాలు నల్లబడ్డాయి. ఫొటోలకు విడిగా నునుపైన ఆర్టు పేపరు పుటలు కావాలని ముందే చెప్పాలి. జిగురు బైండింగు కూడా గట్టిగా తెరిస్తే విడిపోతోంది, కాబట్టి కొంత ఖర్చు ఎక్కువైనా కుట్టు బైండింగు కోరడం మంచిది. పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా, మొత్తం పాఠాన్ని, ఆ ఫాంట్లు ఉన్న కంప్యూటరులోనే చదవగలిగే అనూ ఫాంట్ల నుంచి ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చిన ఫైలును డబ్బు చెల్లించే ముందే తీసుకోండి.