ఒడ్డు నుంచి స్నార్కెలింగ్: ఎనిమిదేళ్లు వాడాక బూటీల గురించి, వెట్‌సూట్ల గురించి

నా ఎడమ మడమ మీద ఒక మచ్చ ఉంది. అమెరికాలోని శాన్ డియేగో వచ్చిన మొదటి వేసవిలో స్నార్కెలింగ్‌కి, అంటే కళ్లకి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని తేలుతూ చేపల్ని చూడ్డానికి, లా హోయా కోవ్ అనే చిన్న బండల తీరం దగ్గర మెట్లు దిగి ఉత్తి కాళ్లతో నీళ్లలోకి నడిచాను. భీమిలిలో పుట్టి పెరిగినదాన్ని, సముద్రంలో దిగడానికి చెప్పులెందుకు అనుకున్నాను. మోకాలి లోతులో పాచి బండ మీద కాలు జారింది. లేచేలోపే కెరటం తోసింది. బండకి అతుక్కున్న గుల్లలు మడమని చీల్చేశాయి. ఒక్క చేపని కూడా చూడకుండా ఇంటికొచ్చేశాం.

అప్పటి నుంచి మూడు వెట్‌సూట్లు (నీళ్లలో చలి ఆపే రబ్బరు సూట్లు), నాలుగు జతల బూటీలు (నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు) వాడాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరడిగినా నేను చెప్పే వరస ఒకటే: ముందు బూటీలు, తర్వాత వాటికి సరిపోయే ఫిన్లు (ఈతకి పాదాలకి తొడిగే రెక్కలు), ఆ తర్వాతే సూట్. పడవ మీంచి దిగేవాళ్లకి ఈ వరస అవసరం లేదు. ఒడ్డు నుంచి వెళ్లే మనకి మాత్రం దెబ్బలు తగిలేది దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు. చేపల మధ్య తేలుతున్నప్పుడు నాకెప్పుడూ ఏమీ కాలేదు.

మొదట కొన్నవి పల్చటి వాటర్ షూలు. ఇసుక మీద బాగానే ఉన్నాయి, రెండో వారం ఒక అల వెనక్కి లాగితే కుడికాలిది ఊడి కొట్టుకుపోయింది. తర్వాత చీలమండ దాకా వచ్చే 3 మి.మీ. బూటీలు కొన్నాను. అడుగు మెత్తగా ఉండేది, రాయి మీద నిలబడితే రాయి ఆకారమంతా పాదానికి తెలిసేది. ఇప్పుడు వాడుతున్నవి 5 మి.మీ. మందం, చీలమండ పైదాకా వస్తాయి, అడుగు గట్టి రబ్బరు. కొట్లో వేసుకున్నప్పుడు వేలికొసలు ముందుభాగాన్ని తాకాలి, ముడుచుకోకూడదు. నీళ్లలో తడిస్తే కాస్త సాగుతాయి కాబట్టి కొట్లో వదులుగా ఉన్నవి సముద్రంలో ఇంకా వదులవుతాయి. పక్కనుండే జిప్పులో ఇసుక చేరితే పని అయిపోయినట్టే. నా రెండో జత అలాగే పోయింది. ఇప్పుడు ఇంటికి రాగానే మంచినీళ్ల బకెట్లో జిప్పు తెరిచి ముంచుతాను.

ఫిన్లు కొనడానికి వెళ్లేటప్పుడు ఈ బూటీలు సంచీలో పెట్టుకుని వెళ్లండి. మడమ దగ్గర పట్టీ ఉండే ఫిన్లు బూటీ మీదే వేసుకోవాలి, మామూలు చెప్పుల సైజు అక్కడ పనికిరాదు. మా ఆయన పాదమంతా పట్టే ఫిన్లు వాడతారు. ఈతకి తేలికే, కానీ ఒడ్డు నుంచి నీళ్ల దాకా ఉత్తి కాళ్లతో నడవాలి. కోవ్‌లో ఆయన పడే అవస్థ చూస్తే నాకు భయమేస్తుంది.

లా హోయా షోర్స్ బీచ్‌లో బండలుండవు, చదునైన ఇసుక. అక్కడి భయం స్టింగ్‌రే, మన వైపు టేకు చేప అంటారే, అది. ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది. అందుకే అడుగు ఎత్తకుండా ఇసుకని రాసుకుంటూ నడవాలి, అలికిడికి అదే తప్పుకుంటుంది. బూటీ ఉంది కదా అని ధీమా పడకండి, దాని ముల్లు బూటీ రబ్బరులోంచి (నియోప్రిన్ అంటారు) దిగుతుంది. కుడితే వెంటనే లైఫ్‌గార్డుల దగ్గరికి వెళ్లాలి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పాదం పెడితే నొప్పి తగ్గుతుంది.

ఇక సూట్. నా మొదటిది 5 మి.మీ.ది. మందం ఎక్కువైతే వెచ్చదనం ఎక్కువ అనుకుని, వేసుకోవడం సులువని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. నీళ్లలో దిగగానే నడుం దగ్గర చల్లటి ధార. చెయ్యి కదిపిన ప్రతిసారీ లోపలి నీళ్లు పోయి కొత్త నీళ్లు వచ్చేవి. ఇరవై నిమిషాలకే పళ్లు కొట్టుకునేవి. వెట్‌సూట్ నీళ్లని ఆపదు. రబ్బరులో ఉండే సన్నటి వాయువు బుడగలు వేడిని బయటికి పోనివ్వవు, ఒంటికీ సూట్‌కీ మధ్య చిక్కిన పల్చటి నీటిపొరని ఒళ్లే వెచ్చబెడుతుంది. ఆ నీళ్లు కదలకుండా ఉంటేనే ఇదంతా. 1950ల మొదట్లో ఈ ఆలోచన చేసిన హ్యూ బ్రాడ్నర్ బర్క్‌లీలో భౌతిక శాస్త్రవేత్త, తర్వాత ఇక్కడి స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలోనే పనిచేశారు. ఆ దారిన పోతుంటే నాకు ఆయన గుర్తొస్తారు.

రెండోది ఒంటికి పట్టిన 3/2, అంటే మొండెం 3 మి.మీ., చేతులూ కాళ్లూ 2 మి.మీ. ఆ పెద్ద 5 మి.మీ. కంటే ఇందులోనే వెచ్చగా ఉన్నాను! ఆగస్టులో నీళ్లు 20 నుంచి 22 డిగ్రీలుంటే గంటసేపు హాయిగా తిరుగుతాను. జనవరిలో 14, 15కి దిగుతాయి, అప్పుడు మళ్లీ 5 మి.మీ., తలకి హుడ్ కూడా. ఈసారి నడుం దగ్గరా మెడ దగ్గరా ఖాళీ లేనిదే కొన్నాను. కుట్లు కూడా చూడండి: బల్లపరుపు కుట్టు రంధ్రాల్లోంచి నీళ్లు కారతాయి, వేసవి సూట్‌కి పర్వాలేదు. చలికాలానికి మాత్రం అంచులు జిగురుతో అతికి, సూది అవతలికి దిగకుండా కుట్టినవే కావాలి. స్క్రిప్స్ పియర్ (ఆ సంస్థ సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గర 1916 నుంచి నీటి ఉష్ణోగ్రత కొలుస్తున్నారు. నేను బయల్దేరే ముందు ఆ రోజు అంకె చూస్తాను. వేసవిలో కూడా అడుగునున్న చల్లటి నీళ్లు పైకొచ్చి ఒక్కరోజులో నాలుగైదు డిగ్రీలు పడిపోవడం చూశాను.

మందపు సూట్ బాగా తేలుస్తుంది, ఈత తక్కువ వచ్చినవాళ్లకి అది మంచిదే. మునిగి చూడాలంటే మాత్రం బరువు కావాలి. గరిబాల్డీ అని నారింజ రంగు చేప, 1995 నుంచి కాలిఫోర్నియా అధికారిక సముద్రపు చేప, బండ కింద మగది గుడ్లని కాపలా కాస్తుంటుంది. దాన్ని దగ్గరగా చూడ్డానికి నేను 3 కిలోల సీసం బెల్టు కట్టుకుంటాను, ఒక్క లాగుకి ఊడొచ్చే బకిల్‌తో.

వేసుకునేటప్పుడు పాదానికి ప్లాస్టిక్ సంచీ తొడిగితే సూట్ కాలు సర్రున జారుతుంది. సూట్ అంచు బూటీ పైకి రావాలి, లోపలికి దోపితే నీళ్లన్నీ బూటీలో చేరి కాలు బరువెక్కుతుంది. ఆరేసేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పి, నీడలో, వెడల్పాటి హ్యాంగర్ మీద. నా 3/2ని ఏడాదిపాటు ఎండలో ఆరేశాను, మోకాళ్ల దగ్గర పగుళ్లు వచ్చాయి.

మొన్న సంక్రాంతికి విశాఖ వెళ్లినప్పుడు సూట్లు ఇక్కడే వదిలేశాను. అక్కడ చలికాలంలో కూడా నీళ్లు 25 డిగ్రీల చుట్టూ ఉంటాయి, ఎండకి పొడుగు చేతుల రాష్‌గార్డ్ (పల్చటి ఈత చొక్కా) చాలు. బూటీలు మాత్రం పెట్టెలో ముందే సర్దుకున్నాను. మన బండల మీదా అవే గుల్లలు.