హెచ్‌డబ్ల్యూఇన్ఫోతో మూడేళ్లు: ఇంజిన్ నెమ్మదిస్తే నేను మొదట తెరిచేది ఇదే

ఆటలు తయారుచేసే గేమ్ ఇంజిన్ అన్‌రియల్‌లో పెద్ద ప్రాజెక్ట్ తెరిస్తే, ఇంకా కంపైల్ కావాల్సిన షేడర్ల (తెర మీద రంగు, వెలుగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాముల) లెక్క తెర మూలన కనబడుతుంది. మా ఆటకు అది తొమ్మిది వేల దగ్గర మొదలయ్యేది. మొదటి రెండు నిమిషాలు గబగబా దిగేది, ఆ తర్వాత నత్తనడకే. తప్పు ఇంజిన్‌దే అనుకున్నాను. ప్లగిన్లు తీసేశాను, కాష్ చెరిపేశాను, చివరికి ఇంజిన్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. రెండు రోజులు పోయాయి గానీ తేడా రాలేదు.

అప్పుడే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేసుకున్నాను. కంప్యూటర్ లోపలి సెన్సర్ల రీడింగులు చూపించే, విండోస్‌లో నడిచే ఉచిత ప్రోగ్రామ్. ప్రతి సెన్సర్‌కీ ప్రస్తుత విలువ, కనిష్ఠం, గరిష్ఠం, సగటు అని నాలుగు గడులు ఉంటాయి. దాన్ని పక్క మానిటర్‌లో పెట్టుకుని షేడర్లు కంపైల్ చేయించాను. రెండో నిమిషానికి ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలు తాకింది. 4.2 గిగాహెర్ట్జ్‌లో నడుస్తున్న కోర్లు 2.6కి పడిపోయాయి. థర్మల్ థ్రాట్లింగ్ (వేడెక్కి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకోవడం) వరుసలో ‘నో’ ఉన్నచోట ఎర్రగా ‘యెస్’ అని వచ్చింది. టాస్క్ మేనేజర్‌లో అప్పుడు కూడా 100 శాతం వాడకమే. ప్రాసెసర్ ఖాళీగా లేదని తెలిసింది తప్ప, ఎంత వేగంతో పనిచేస్తోందో ఆ అంకెను బట్టి తెలియలేదు.

క్యాబినెట్ తెరిచి చూస్తే ప్రాసెసర్ కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి బోర్డు రంధ్రంలోంచి సగం బయటికి వచ్చి ఉంది. వేలితో తాకితే కూలర్ ఆ పక్కకి కదులుతోంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పాత పేస్ట్ తుడిచి, కొత్తది రాసి, నాలుగు కాళ్లూ ‘టక్’మనేదాకా నొక్కాను. 38 నిమిషాల పని 23 నిమిషాల్లో అయింది. ఆ రోజు నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

సిస్టమ్ ఊరికే ఉన్నప్పుడు రీడింగులు చూసి బాగానే ఉందనుకోవద్దు. ఊరికే ఉన్నప్పుడు నాదీ 40 డిగ్రీలే. మీ ఇంజిన్ ఏ పని దగ్గర నెమ్మదిస్తోందో అదే పని చేయిస్తూ చూడాలి. పొడవైన బిల్డ్ (ఆటను మొత్తంగా తయారుచేయించడం) అయితే లాగింగ్ ఆన్ చేసి పెట్టండి. అన్ని రీడింగులూ సీఎస్‌వీ ఫైల్‌లో (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) పడతాయి, వేగం ఏ నిమిషంలో పడిందో తర్వాత చూసుకోవచ్చు.

అన్నిటికీ ఇదొక్కటే సరిపోదు. ఒకసారి యూనిటీ అనే మరో ఇంజిన్‌లో టెక్స్చర్లు (ఆటలోని వస్తువుల మీద పరిచే బొమ్మలు) ఇంపోర్ట్ అవుతుంటే ఎడిటర్ కొన్ని సెకన్లపాటు బిగుసుకుపోయేది. వేడి, వేగం అన్నీ మామూలుగానే ఉన్నాయి. డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే, సాటా కేబుల్‌తో బోర్డుకు కలిపిన ఎస్‌ఎస్‌డీకి ‘గుడ్’ అనే ఉంది. కానీ కింద సీ7 వరుసలో ఉన్న సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా బదిలీలో దొర్లిన తప్పుల) లెక్క ఇంపోర్ట్ చేసిన ప్రతిసారీ పెరుగుతోంది. ఇది డ్రైవ్‌కీ బోర్డుకీ మధ్య డేటా చెడిపోతోందనడానికి గుర్తు, చాలాసార్లు కారణం కేబులే. కేబుల్ మార్చాను. ఆ లెక్క మళ్లీ సున్నాకి రాదు, కానీ అక్కడే ఆగిపోయింది.

ర్యామ్ సంగతి ఇంకా కష్టం. బిల్డ్ ఒక్కోసారి ఒక్కో ఫైల్ దగ్గర ఆగిపోయేది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో చివర్లో విండోస్ హార్డ్‌వేర్ ఎర్రర్ల లెక్క సున్నా చూపించింది. మామూలు ర్యామ్‌లో తప్పుల్ని పట్టుకుని విండోస్‌కు తెలియజేసే ఈసీసీ ఏర్పాటు ఉండదు కాబట్టి చాలా తప్పులు ఆ లెక్కలోకే రావు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా వదిలేస్తే, పొద్దున తెర మీద ఎర్ర వరుసలు. ఒక్కో స్టిక్ విడిగా పెట్టి పరీక్షిస్తే చెడ్డది దొరికింది.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోతో నాకున్న ఇబ్బంది సెన్సర్ల సంఖ్య. తెరిస్తే వందల వరుసలు. ఏది ముఖ్యమో అది చెప్పదు. కొన్ని బోర్డుల్లో ఏమీ తగిలించని సెన్సర్ 127 డిగ్రీలు చూపించి కొత్తవాళ్లకు టెన్షన్ పెడుతుంది. అక్కర్లేని వరుస మీద రైట్ క్లిక్ చేసి దాచేయొచ్చు. నేను అలా దాచుకుంటూ వచ్చి, కోర్ల వేగం, వేడి, థ్రాట్లింగ్, డ్రైవ్ వేడి, గ్రాఫిక్స్ మెమరీ వాడకం లాంటి పద్నాలుగు వరుసలే ఉంచుకున్నాను.