పెయింటింగ్ సామాను పెరటి పనికి: స్ప్రే గన్ కంటే కుంచే నయం

ఇంటికి రంగులు వేయడం పూర్తయ్యాక మిగిలిపోయిన కరెంటు స్ప్రే గన్‌ను, కుంచెలను, రోలర్‌ను అటక మీద పడేయకుండా కలుపు, పురుగుల నివారణకు వాడుకోవచ్చా అనే సందేహం చాలామందికి వస్తుంది. మూడింటినీ వాడి చూసిన మీదట నా అభిప్రాయం ఏమిటంటే, వీటిలో ఖరీదైన స్ప్రే గన్ ఒకటి రెండు పనులకే పనికొస్తుంది, చవకైన కుంచె మాత్రం ఎంతో నమ్మకంగా పనిచేస్తుంది.

నేను వాడినది తక్కువ పీడనంతో ఎక్కువ గాలిని వదిలే చేతి గన్. ఈ రకంలో నాజిల్ దగ్గర గాలి పీడనం చదరపు అంగుళానికి 10 పౌండ్లకు మించదు. గోడ మీద రంగు నున్నగా పరుచుకోవడం కోసం ఇది ద్రవాన్ని సన్నని తుంపరగా చీలుస్తుంది. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ పట్టిన మొక్కలకు ఆ సన్నని తుంపరే మేలు చేస్తుంది. సబ్బు ద్రావణం పురుగు ఒంటి మీద పడి తడిపితేనే పనిచేస్తుంది, ఆరిపోయాక దానికి శక్తి ఉండదు. కాబట్టి పురుగులు దాక్కునే ఆకు అడుగుభాగం పూర్తిగా తడవాలి. గన్‌ను కింది నుంచి పైకి తిప్పి పట్టుకుంటే ఆ పని చక్కగా జరుగుతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి గన్ కప్పులో పోసి కాసేపు పక్కన పెడితే, నూనె విడిపోయి పైకి తేలి పసుపు తెట్టులా కడుతుంది. అందుచేత నాలుగైదు మొక్కలకు ఒకసారి కప్పును బాగా కదపాలి, లేకపోతే మొదట ఉత్త నీళ్లు, చివర చిక్కటి నూనె పడి లేత ఆకులు మాడిపోతాయి.

కలుపు మందుకు మాత్రం ఈ గన్‌ను ఎవరూ వాడకూడదని గట్టిగా చెబుతాను. కలుపు మందు ఎక్కడ కొట్టామో అక్కడే పడాలంటే చుక్క పెద్దదిగా, బరువుగా ఉండాలి. సన్నని తుంపర చిరుగాలికి కూడా కొట్టుకుపోతుంది, 2,4-డి వంటి మందు లేశమాత్రం తగిలినా టమాటా ఆకులు మెలితిరిగిపోతాయి. పైగా కప్పు, గొట్టం, రబ్బరు వాషర్లలో మిగిలే మందు ఒక కడుగుతో పోదు. చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల వరకు పీడనం పుట్టించే ఎయిర్‌లెస్ (గాలి కలపకుండా రంగునే నేరుగా చిమ్మే) యంత్రాల జోలికి అసలు పోవద్దు, వాటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే.

కుంచె విషయానికి వస్తే, నరికినా మళ్లీ మళ్లీ చిగురించే పొదల మోళ్లకు ఇంతకంటే మంచి సాధనం నాకు కనబడలేదు. మొదలును నేలకు దగ్గరగా కోసి, రంపపు పొట్టు తుడిచి, కోసిన కొన్ని నిమిషాల్లోపే గ్లైఫోసేట్ అనే కలుపు మందును లేబుల్‌లో చెప్పిన మోతాదులో కుంచెతో పూయాలి. మోడు పెద్దదైతే మధ్యభాగాన్ని వదిలేసి, బెరడుకు ఆనుకుని తడిగా మెరిసే అంచు చుట్టూ పూస్తే చాలు, మందు వేళ్లకు చేరే దారి అదే. పక్కనున్న మొక్క మీద ఒక్క చుక్క కూడా పడదు. బొద్దింకలకు బోరిక్ పొడి చల్లడానికి కూడా పొడి కుంచే బాగుంటుంది. కుప్పగా పోస్తే అవి పక్క నుంచి తప్పుకుపోతాయి, ఫ్రిజ్ వెనుక, సింక్ కింద పగుళ్లలో కంటికి ఆనీ ఆననంత పలచగా అద్దితేనే కాళ్లకు, మీసాలకు అంటుకుని, వాటిని శుభ్రం చేసుకునేటప్పుడు కడుపులోకి పోతుంది. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందే చోట మాత్రం వాడకూడదు.

రోలర్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. గడ్డికంటే ఎత్తుగా లేచిన కలుపు తలల మీద, కలుపు మందులో ముంచి బాగా పిండిన రోలర్‌ను దొర్లిస్తే పని జరుగుతుంది, కాని కొంచెం తడి ఎక్కువైనా కారిపోయి కింది గడ్డి చస్తుంది.

జింకు పూత పూసిన ఇనుప బకెట్లలో, ట్రేలలో గ్లైఫోసేట్ కలపకూడదు, అది లోహంతో చర్య జరిపి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. ప్లాస్టిక్ ట్రే వాడాలి. గోడ గీకేటప్పుడు పెట్టుకునే దుమ్ము మాస్కు మందు ఆవిరిని ఆపదు. గన్ ఇప్పటికే ఇంట్లో ఉంటే వేపనూనెకు, సబ్బు ద్రావణానికి నిశ్చింతగా వాడుకోవచ్చు. పెరటి పనికోసమే కొత్తగా కొనాలనుకునేవారికి మాత్రం చేత్తో పంపు కొట్టే మామూలు స్ప్రేయరునే సిఫారసు చేస్తాను.